తినువారి మాట, పండించువారి మాట

ఇంటిలో నలుగురు భుజించు పదార్థమును గూర్చి, వండుదానిని గాని తినువారిని గాని యడుగక, పరాయివారెవరో వచ్చి “రేపటినుండి మీ కుండలో నిది యుడుకును” అని చెప్పిపోయినచో మన మూరకుందుమా? దేశమంతయు నొక గృహమనుకొన్నచో, ఆ గృహమున చాలకాలముగా జరుగుచున్నది యిట్టిదే. ఏ విత్తనమును పరిశోధింపవలెను, ఏ పంటను పెంపుచేయవలెను, ఏ పురుగునకు ఏ మందు చల్లవలెను, ఏ నేలను పొలముగా నుంచి యే నేలను కర్మాగారమున కియ్యవలెను అను ప్రశ్నలు పరిశోధనాలయములలోను కచేరీలలోను తేలిపోవుచున్నవి. విత్తువారికిని తినువారికిని ఫలితము మాత్రమే తెలియుచున్నది. ఇట్టి విషయములలో సామాన్యజనుల యభిప్రాయము నడుగవలెనా, అడిగినచో నెట్లడుగవలెను, అడిగినపుడు మనమేమి చెప్పవలెను అనునదియే యీ నెల ముచ్చట.

అమీరుపేటలోను పంజాగుట్టలోను కాపురముండు మనకు పొలము కంటబడదు. రెండు మెట్రో మార్గములు కలిసికొను కూడలి, కంప్యూటరు విద్య నేర్పు గదుల పేరుపలకలు, నిమ్సు ఆసుపత్రికి వచ్చిపోవు రోగుల బంధుజనము, ఇవియే మన యెదుట నుండునవి. కాని పొలము కంటికి దూరమైనను కంచమునకు దూరము కాదు. ఉదయమున కూరగాయలబండి కడ నిలిచి వంకాయను త్రిప్పి త్రిప్పి పురుగుచిల్లు వెదకునపుడు మనము చేయుచున్నది యొక విధమగు పరీక్షయే. మా వీధికి వచ్చు బండియామె యొకనాడు నాతో, “అమ్మా, చిల్లులేని కాయ కావలెనన్నచో మందుకొట్టిన కాయ వచ్చును, మందులేని కాయ కావలెనన్నచో చిల్లున్న కాయ వచ్చును. ఏది కావలెనో మీరే చెప్పుడు” అన్నది. మహాపండితులు తర్కించిన వాదమంతయు నీ రెండు మాటలలో నిమిడియున్నది.

ఆ వాదమేమో చెప్పెదను. మొవ్వును కాయను తొలుచు పురుగు వంగతోటకు పెద్ద శత్రువు. దానికై రైతులు పలుమారులు మందు చల్లుదురు. నేలలోనుండు బాసిల్లస్ తురింజెన్సిస్ అను సూక్ష్మజీవినుండి యొక జన్యువును గ్రహించి వంగమొక్కలో చేర్చినచో, మొక్కయే యా పురుగునకు విషమగు పదార్థమును తయారుచేసికొనును. ఇట్లు మహికో యను విత్తనసంస్థవారు సిద్ధపఱచిన వంగకు బీటీ వంగ యని పేరు. 2009 అక్టోబరు 14వ తేదీన కేంద్రప్రభుత్వపు జన్యు ఇంజనీరింగు ఆమోదసంఘమువారు దానిని పండింపవచ్చునని యంగీకరించిరి. మన దేశమున నాహారపంటలలో నట్టి యంగీకారము పొందినది యదియే మొదటిది.

అప్పటి పర్యావరణశాఖామంత్రి శ్రీ జైరాం రమేశుగారు వెంటనే యుత్తరువు చేయక, జనుల మాట వినెదనని ప్రకటించిరి. 2010 జనవరి, ఫిబ్రవరి మాసములలో కలకత్తా, భువనేశ్వరము, అహమ్మదాబాదు, నాగపూరు, చండీగఢు, హైదరాబాదు, బెంగుళూరు అను 7 నగరములలో బహిరంగసభలు జరిగినవి. మన హైదరాబాదు సభ జనవరి 31వ తేదీన జరిగెను. అన్నిటను గలిపి దాదాపు 8,000 మంది పాల్గొనిరి. రైతులు, శాస్త్రజ్ఞులు, వైద్యులు, విత్తనవ్యాపారులు, వినియోగదారులు తమ తమ పక్షములు చెప్పుకొనిరి. వలయుననువారును వలదనువారును రైతులలోనే యుండిరి. తుదకు ఫిబ్రవరి 9వ తేదీన మంత్రిగారు, స్వతంత్రపరీక్షలు జరిగి జనులకును శాస్త్రజ్ఞులకును తృప్తి కలుగువఱకు బీటీ వంగను నిలిపియుంచవలసినదని నిర్ణయించిరి. ఆ నిలుపుదల మన దేశమున నింకను తొలగలేదు. ఆ సంవత్సరమే పైసంఘము పేరులోని “ఆమోదము” అను పదమునకు మాఱుగా “మదింపు” అను పదమును చేర్చిరి. ఇది చిన్న మార్పుగా తోచవచ్చును. కాని గుణదోషములు తూచుట యొకపని, ఔనని శాసించుట మఱియొకపని యను భేద మా పదమున నున్నది.

మా పైయింటి వదినగారు చదువుకొన్నవారు. ఈ సంగతి యామెతో ప్రస్తావింపగా, “వదినా, రోగము వచ్చినచో వైద్యుని మాట వినుదుముగాని వీధిలోని నలుగురిచేత చేతులెత్తించి మందు నిర్ణయింతుమా? జన్యువన నేమో తెలియని జనులు సభలో కేకలువేసినంతమాత్రమున శాస్త్రము మాఱునా?” అని యాక్షేపించిరి. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. కేకలవలన నిజము మాఱదు. ఒక పదార్థము దేహమునకు హాని చేయునా చేయదా యనుట చేతులెత్తి తేల్చు విషయము కాదు. దానిని పరీక్షచేతనే తేల్చవలెను.

కాని వదినగారు చెప్పిన వైద్యుని యుపమానమే మఱియొక నిజమును కూడ చెప్పుచున్నది. రోగమేదో వైద్యుడు చెప్పును, చికిత్సయేదో వైద్యుడే చెప్పును. శస్త్రచికిత్సకు ముందు కాగితముపై సంతకము మాత్రము రోగి చేయవలెను, లేదా రోగి బంధువులు చేయవలెను. ఏల? దేహము వారిది, నష్టము వచ్చినను వారిదే. వ్యవసాయశాస్త్రమునను రెండు విధముల ప్రశ్నలున్నవి. ఈ మొక్క పురుగును చంపునా, ఈ మందు నేలలో నెన్నినాళ్లుండును అనునవి మొదటివి. వీనికి శాస్త్రజ్ఞులే యుత్తరము చెప్పవలెను. ఈ కష్టము తీర్చుట కిదియే మార్గమా, దీనివలన లాభమెవరికి, ప్రమాదమెవరికి, రైతు విత్తనము దాచుకొనగలడా లేక ఏటేట కొనవలెనా, వలదనువాడు తప్పించుకొనుటకు వీలున్నదా అనునవి రెండవవి. వీనికి పరిశోధనాలయపు గాజుగొట్టములలో నుత్తరము దొరకదు. ఇక్కడ రైతును, గృహిణియు పండితునితో సమానముగ మాటాడదగినవారే.

బంగ్లాదేశమువారి తీర్పు వేఱుగ నుండెను. 2013 అక్టోబరులో వారు నాలుగు బీటీ వంగరకముల నంగీకరించి, 2014 జనవరిలో 20 మంది రైతులకు నారు పంచిరి. అచ్చట నా పంట నేటికిని సాగుచున్నది. ఒకే పురుగు, ఒకే కూర, ఇరుగుపొరుగు దేశములు. తీర్పులు మాత్రము రెండు. దీనినిబట్టి యొకరు మూర్ఖులనియు నొకరు ప్రాజ్ఞులనియు నేననను. శాస్త్రమొక్కటియే తీర్పు చెప్పజాలదని, దేశకాలముల మంచిచెడ్డలు కూడ తూకమున పడునని మాత్రమే యనుచున్నాను.

2010 నాటి సభలలోను లోపమున్నది. ఏడును నగరములే, పల్లె యొక్కటియు లేదు. మన హైదరాబాదు సభ జరిగిన దినము ఆదివారము. ఆదివారమున పిల్లలును పురుషులును ఇంటనుండుటచే వంటయింట పని రెట్టింపగునని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అడుగుట వేఱు, చెప్పుటకు వీలగునట్లు అడుగుట వేఱు.

వీలగునట్లు అడిగిన సందర్భ మొకటి మన ప్రాంతముననే జరిగినది. 2001 జూను 25 మొదలు జూలై 1 వఱకు, జహీరాబాదు కడనున్న అల్గోలు గ్రామమున, అనగా నాటి మెదకు, నేటి సంగారెడ్డి జిల్లాలో, “ప్రజాతీర్పు” అను పేర నొక విచారణ జరిగెను. అప్పటి ఆంధ్రప్రదేశప్రభుత్వమువారు “విజన్ 2020” అను ప్రణాళికను ప్రకటించియుండిరి. భూమిపై నాధారపడి జీవించువారిని నూటికి 70 నుండి 40కి తగ్గించుట యందొక యంశము. తగ్గింపబడువారిని మాత్రము ఎవ్వరు నడుగలేదు. ఆ లోపమును తీర్చుటకై, ఇరువదిమందికి మించని చిన్నకారు సన్నకారు రైతులు మొదలగువారిని న్యాయనిర్ణేతలుగా కూర్చుండబెట్టిరి. వారిలో నెక్కువమంది స్త్రీలు. ప్రభుత్వ ప్రణాళిక ప్రకారము పల్లె యెట్లుండును, ఎగుమతికై సేంద్రియపంటలు పండించినచో నెట్లుండును, ఊరి తిండి యూరనే పండించుకొన్నచో నెట్లుండును అను మూడు భవిష్యచ్చిత్రములను, చదువురానివారికిని తెలియునట్లు వీడియోలో చూపించిరి. శాస్త్రజ్ఞులు, అధికారులు, వ్యాపారసంస్థలవారు మున్నగు సాక్షులు వచ్చి తమ పక్షములు చెప్పగా, వారిని ప్రశ్నించుటకు నిర్ణేతలకు వీలు కల్పించిరి. విచారణ న్యాయముగ జరుగునట్లు చూచుటకు సర్వోన్నతన్యాయస్థానపు విశ్రాంతన్యాయమూర్తితో గూడిన పర్యవేక్షకసంఘ ముండెను.

వారు చెప్పిన తీర్పేమి? నేలసారమును కాపాడవలెను, పలువిధముల పంటలు, చెట్లు, పశువులు కలిసియుండవలెను, పల్లెలకు తమ విత్తనములపైని, వనరులపైని అధికారముండవలెను, ఊరిలోని జ్ఞానమును, నేర్పును, సంఘములను ఆధారముగ గొని ముందుకు పోవలెను అని. భూములు కొందఱి చేతులలోనికి పోవుటను, ఒప్పందపుసేద్యమును, కూలి పోగొట్టు యంత్రములను, బీటీ ప్రత్తిని, విటమిను ఏ గల వరిని, మందుమొక్కల నెగుమతి చేయుటను వారు వలదనిరి. ఈ తీర్పులో నన్నియు నాకు సమ్మతములు కావు. నాట్లువేసి నడుములు పడిపోయిన స్త్రీకి యంత్రమొక వరమే. అయితే ఆ యంత్రమువలన పోయిన కూలికి బదులేమి యను వారి ప్రశ్నకు నా కడ నుత్తరము లేదు. విభేదింపవచ్చును; అడుగవలసినది కాదని మాత్రము అనజాలము.

ఆ తీర్పునకు ప్రతికూలత యెక్కడనుండి వచ్చెనో చూడుడు. అప్పుడు మన రాష్ట్రమునకు ధనసహాయము చేయుచున్న బ్రిటిషు ప్రభుత్వశాఖవారు, విచారణపద్ధతియే సరికాదని, అది జనులందఱి యభిప్రాయము కాదని యాక్షేపించిరి. పిడికెడుమంది స్త్రీలు కోట్లజనులకు ప్రతినిధులు కారనుట నిజమే. విచారణ నేర్పఱచినవారికి సొంత యభిప్రాయములుండుటయు నిజమే. కాని యీ తర్కమును రెండువైపుల త్రిప్పవలెను. ప్రణాళిక వ్రాసినవారు మాత్రమెవరి ప్రతినిధులు? కొలబద్ద యొక్కటియే యగుచో రెండింటిని కొలువవలెను.

జహీరాబాదు పరిసరములలోని స్త్రీలు తీర్పు చెప్పి యూరకుండలేదు. దక్కను డెవలప్మెంటు సొసైటీ యను సంస్థలోని సంఘములలో చేరిన నిరుపేదస్త్రీలు కొఱ్ఱలు, సామలు, జొన్నలు, కందులు మొదలగు పలువిధముల విత్తనములను బూడిదతోను వేపాకుతోను కలిపి బుట్టలలో దాచి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనుచు కాపాడిరి. వీడియోయంత్రము పట్టుకొని, వరంగల్లు ప్రాంతమున బీటీ ప్రత్తి వేసిన రైతుల గోడును వారే చిత్రించిరి. 2008 అక్టోబరు 15వ తేదీన మాచునూరు గ్రామమున సంఘం రేడియో ప్రారంభమాయెను. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు పురస్కారము లభించెను. వీరు పరిశోధనకు విరోధులనుట తప్పు, వీరే పరిశోధకులు. ఏ నేలలో నే గింజ, ఏ వానకు ఏ పంట అని యేటేట పరీక్షించి చూచుకొనుటయు పరిశోధనయే గదా.

ఇదంతయు గడచిన కథ యని మీరనుకొనవచ్చును. కాదు. మన యిండ్లలో నుడుకు సన్నబియ్యమునే తీసికొనుడు. అంగడివారు బీపీటీ యని పిలుచు సాంబ మసూరి 1986లో బాపట్ల పరిశోధనాస్థానమునుండి వెలువడిన వంగడము. 2025 మే 4వ తేదీన, మన రాజేంద్రనగరములోని భారతీయ వరి పరిశోధనాసంస్థవారు దానినుండియే సిద్ధపఱచిన “డీఆర్ఆర్ ధాన్ 100”, మాఱుపేర “కమల” యను వరిని కేంద్ర వ్యవసాయమంత్రి ప్రకటించిరి. ఇందు పరజన్యువు నేదియు చేర్చలేదు. మొక్కలో నున్న జన్యువునే యొకచోట సవరించిరి. దిగుబడి నూటికి 19 వంతులు హెచ్చుననియు, సాంబ మసూరికంటె సుమారు 20 దినములు ముందుగా కోతకు వచ్చుననియు పరిశోధకులు చెప్పుచున్నారు. ఇరువది దినములు ముందనగా నీరు మిగులును. నీటికై తల్లడిల్లు మన ప్రాంతమున నది సామాన్యలాభము కాదు.

అయితే పరజన్యువు లేని యిట్టి సవరణలను 2022 మార్చిలోనే కేంద్రప్రభుత్వమువారు జన్యుమార్పిడి పంటలకు గల కఠిననియమములలో కొన్నిటినుండి తప్పించిరి. ఆ నిర్ణయమును గూర్చి వంగకు జరిగినట్లు నగర నగరమున సభలు జరుగలేదు. వంకాయ వారమున కొకనాటి కూర. బియ్యము రెండుపూటల యన్నము. కూరకై యేడు సభలు పెట్టి, యన్నమును గూర్చి యొకమాటయైన నడుగకుండుట యేమి న్యాయము? కొత్తవరి చెడ్డదని నేననుటలేదు, మంచిదే కావచ్చును. మంచిదైనచో సభలో చెప్పుటకు వెనుదీయనేల?

2024 జూలై 23వ తేదీన జన్యుమార్పిడి ఆవాల వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానపు న్యాయమూర్తు లిరువురు భిన్నతీర్పు లిచ్చిరి. భిన్నించిన యా యిరువురును ఒక్క విషయమున నేకీభవించిరి: ఈ పంటలను గూర్చి యొక జాతీయవిధానము కావలెను; దానిని రాష్ట్రములు, రైతుప్రతినిధులు మొదలగు సంబంధించిన వారందఱిని సంప్రదించి తయారుచేయవలెను. ఆ “అందఱిలో” పొయ్యి వెలిగించు మనము చేరుదుమా లేదా యనుట కొంతవఱకు మన చేతిలోనే యున్నది.

బృహదారణ్యకోపనిషత్తులో గార్గి జనకుని సభయందు యాజ్ఞవల్క్యమహర్షి నెదుర్కొని ప్రశ్నించెను. నీవు స్త్రీవి, నీకేల యీ విచారమని యెవరును సభనుండి పంపివేయలేదు. ప్రశ్నించుటకు పండితులందఱికంటె నెక్కువ తెలిసియుండ నక్కఱలేదు. ప్రశ్న యుచితమైనదైనచో చాలును. కౌరవసభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు పెద్దలు మౌనము వహించిరి. ఆ మౌనమువలన నేమి జరిగెనో భారతము చదివినవారందఱకు తెలియును.

కావున, సోదరీమణులారా, మనము చేయదగిన పనులు కొన్ని చెప్పెదను. మొదటిది: కర్మాగారములు, గనులు మున్నగువానికి ముందు జరుగు ప్రజాభిప్రాయసేకరణను గూర్చి 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటనలో నియమములున్నవి. కనీసము 30 దినములు ముందుగా, ఒక ప్రాంతీయభాషాపత్రికలోను ప్రకటన వేయవలెను. ప్రభావనివేదిక సారాంశము స్థానికభాషలోను ఉండవలెను. జిల్లా మేజిస్ట్రేటు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటునకు తక్కువకాని యధికారి గాని సభ జరుపవలెను. సభ యంతయు వీడియో తీయవలెను. వచ్చిన ప్రతివ్యక్తికిని సందేహ మడుగు హక్కున్నది. ఇన్నిమంది రావలెనను నియమము లేదు. ఎవరును రాకున్నను సభ జరిగినట్లే లెక్క. మనము పోకపోవుటవలన నేది యాగదని దీనివలన తెలియుచున్నది. పుట్టినిల్లు, మెట్టినిల్లు గల యూళ్లలో నిట్టి సభ జరిగినపుడు పోయి రెండు మాటలు చెప్పుడు. పోలేనివారు వ్రాసి పంపుడు.

రెండవది: 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము, కేంద్రప్రభుత్వసంస్థకు 10 రూపాయల రుసుముతో నొక కాగితము వ్రాసినచో, సామాన్యముగ 30 దినములలో నుత్తర మియ్యవలెను. ప్రభుత్వధనముతో జరుగు పరిశోధనను గూర్చి యడుగుట కిది చక్కని సాధనము. తెలుగున వ్రాయవచ్చునా యని జంకనక్కఱలేదు. హిందీ, ఇంగ్లీషులతోబాటు ఆ ప్రాంతపు అధికారభాషయందును వ్రాయవచ్చునని చట్టమే చెప్పుచున్నది.

మూడవది: కొత్త విత్తనమును గాని, కొత్త తిండిని గాని గూర్చి వినినపుడు మెచ్చుటకును తిట్టుటకును ముందు ఐదు ప్రశ్నలు వేయుడు. ఇది యెవరి కష్టము తీర్చుటకై పుట్టినది? దీనిని పరీక్షించినవారెవరు, ఆ పరీక్షల వ్రాతలు పరులు చూడవచ్చునా? రైతు దీని విత్తనమును దాచి మరల విత్తుకొనగలడా? పొరపాటు జరిగినచో నష్టము భరించువారెవరు? వలదనువారు వేఱుగ కొనుటకు గుర్తు వేయబడునా? ఈ ప్రశ్నల కుత్తరము చెప్పగల విత్తనమును నిర్భయముగ వండుకొందము. విత్తనముల దాపును గూర్చిన ప్రశ్న ముఖ్యమైనది. 2001 నాటి మొక్కరకముల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము రైతు తన పంటలోని విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు హక్కిచ్చినది. వ్యాపారముద్ర వేసి యమ్ముట మాత్రము కూడదు.

ఇక మా బండియామె ప్రశ్న మిగిలియున్నది. చిల్లున్న కాయయా, మందుకొట్టిన కాయయా? మూడవమార్గము నెవరో యొకరు కనిపెట్టవలెను. అది జన్యువును సవరించువాడు కనిపెట్టునో, మొవ్వులను త్రుంచి పురుగును బుట్టలోనికి లాగు నేర్పుగల రైతు కనిపెట్టునో ముందుగా చెప్పలేము. ఇరువురిని ఒక సభలో కూర్చుండబెట్టి, తినువారమగు మనమును ఎదుట కూర్చుండి విననిచ్చినచో, ఆ మార్గము శీఘ్రముగ దొరకునని నా నమ్మకము. మీ యూళ్లలో జరిగిన యిట్టి సభలను గూర్చి, మీరు దాచుకొన్న విత్తనములను గూర్చి నాకు వ్రాయుడు. పై నెలలలో వానిని గూర్చి ముచ్చటింతము.